పదహారణాల్లో మూడణాలు

ఇటలీ అనగానే మన పాఠకుడికి శిల్పాలూ, చర్చిలూ, వెనీసు పడవలూ గుర్తొస్తాయి. ఆ ఇటలీని పక్కకు నెట్టి, కొండపల్లెల రైతుని ముందుకు తెచ్చిన పుస్తకాలు రెండున్నాయి. ఒకటి ఇన్యాజియో సిలోనె నవల ‘ఫొంతమారా’ (1933). రెండవది కార్లో లేవి జ్ఞాపకాల గ్రంథం ‘క్రీస్తు ఎబోలీలో ఆగిపోయాడు’ (1945). రెండూ ముస్సోలినీ ఏలుబడిలోని పల్లెల గురించినవే. వీటిని చదివినవాళ్ళు చాలామంది "అచ్చం మన పల్లెలాగే ఉంది" అని పుస్తకం మూసేస్తారు. అది సానుభూతే కాని విమర్శ కాదు. పేదరికం ఒకేలా కనిపించవచ్చు. దాన్ని చూసే దృష్టి మాత్రం ఈ రెండు పుస్తకాల్లోనూ ఒకటి కాదు.

లేవి టురిన్ నగరవాసి, వైద్యం చదివిన చిత్రకారుడు. ఫాసిస్టు ప్రభుత్వం 1935లో ఆయన్ని లుకానియా ప్రాంతానికి పంపి నిర్బంధంలో ఉంచింది. అక్కడి రైతులు తాము క్రైస్తవులం కామంటారు. వాళ్ళ వాడుకలో క్రైస్తవుడంటే మనిషి. మలేరియా, చవిటి నేల, పన్నులు, అందనంత దూరంలో రోము - ఇదంతా లేవి గొప్ప ఆత్మీయతతో రాశాడు. అయితే ఈ రైతులు చరిత్రకు వెలుపల, కాలం కదలని లోకంలో ఉన్నారని ఆయన తీర్మానం. ఆ తీర్మానాన్ని ఆయన పుస్తకమే ఒప్పుకోదు. ఆయన వైద్యం చెయ్యకూడదని అధికారులు నిషేధించినప్పుడు ఊరివాళ్ళు తిరగబడబోయారు. లేవి వారించాక, వేషాలు కట్టి వీధిలో నాటకమాడి ఆ అధికారాన్ని వెక్కిరించారు. చరిత్ర లేనివాళ్ళు చేసే పనా ఇది?

సిలోనె అబ్రుజ్జి ప్రాంతపు బిడ్డ. 1921లో ఇటలీ కమ్యూనిస్టు పార్టీని స్థాపించినవారిలో ఒకడు. స్విట్జర్లాండు ప్రవాసంలో ఈ నవల రాశాడు. ఇందులో కాంట్రాక్టరు ఊరి వాగును తన పొలాలకు మళ్ళిస్తాడు. జనమిత్రుడినని చెప్పుకునే ప్లీడరు రాజీ కుదురుస్తాడు: నీళ్ళలో ముప్పాతిక కాంట్రాక్టరుకు, మిగిలినదాంట్లో ముప్పాతిక ఊరికి! ఇద్దరికీ ముప్పాతికే కదా అని ఊరు నమ్ముతుంది. లెక్క వేసి చూడండి. పదహారణాల్లో పన్నెండణాలు వాడివి, మూడణాలు వీళ్ళవి. మిగిలిన అణా సంగతి అడిగే నాథుడు లేడు. దోపిడీ కత్తితోనే కాదు, వాళ్ళకు తెలియని భాషతోనూ జరుగుతుందని ఇంతకంటే సూటిగా చెప్పిన ఘట్టాలు అరుదు.

అందుకే ఈ నవలలో భాష శిల్పసమస్య మాత్రమే కాదు. తన రైతులకు ఇటాలియన్ పరాయి భాషేనని సిలోనె ముందుమాటలోనే చెబుతాడు. మాటలు అరువు తెచ్చుకున్నా, కథ చెప్పే తీరు వాళ్ళదే. ఒక ముసలివాడు, అతని భార్య, కొడుకు - ముగ్గురూ వంతులవారీగా చెబుతారు. సంభాషణల్లో నాలుగు యాస మాటలు చల్లి ‘మాండలిక రచన’ అనుకునే మన కథకులు ఈ తేడా గమనించాలి. యాస పలుకుబడిలో ఉన్నంత మాత్రాన దృక్పథం వాళ్ళది కాదు.

లోపాలు లేవని కాదు. సిలోనె ప్లీడర్లూ, కాంట్రాక్టర్లూ వ్యంగ్యచిత్రాలుగానే మిగిలిపోయారు. మనుషుల్ని దగ్గరగా చూడటంలో లేవిదే పైచెయ్యి.

మరో చిక్కు ఉంది. ఫాసిస్టు పోలీసులకు సిలోనె సమాచారం అందించాడని 2000లో బియోక్కా, కనాలి అనే చరిత్రకారులు పత్రాలతో వాదించారు. దాన్ని కాదన్నవారూ ఉన్నారు. ప్రగతిశీల విమర్శకుడు ఈ ప్రశ్నను దాటెయ్యకూడదు. ఆ వాదన నిజమే అయితే రచయిత చరిత్రలో అది మాయని మచ్చ. అయినా ఆ వాగు లెక్క తప్పు కాజాలదు. రచయితకు వెయ్యవలసిన శిక్ష రచనలోని రైతుకు వెయ్యరాదు.

నవల చివర, ఊరు నాశనమయ్యాక, బతికి బయటపడ్డవాళ్ళు ఏం చెయ్యాలన్న ప్రశ్నతో మిగులుతారు. లేవి పుస్తకం మూశాక మనకు జాలి మిగులుతుంది. సిలోనె పుస్తకం మూశాక ఆ ప్రశ్న మిగులుతుంది. జాలి పాఠకుణ్ణి గట్టు మీదే కూర్చోబెడుతుంది. ప్రశ్న అతన్ని లేపి, పోయిన ఆ అణా ఎవరి జేబులో పడిందో వెతకమంటుంది.