ఒక్క ఖాతాకే 8 శాతం: రూబీ, పైథాన్

క్లాసులో రాసిన మెథడ్ ఆ క్లాసు ఆబ్జెక్టులన్నిటికీ చెల్లుతుంది. ఒక్క ఆబ్జెక్టుకే, అదీ ప్రోగ్రాం నడుస్తుండగా, కొత్త మెథడ్ తగిలించాలంటే? రూబీలోనూ కుదురుతుంది, పైథాన్‌లోనూ కుదురుతుంది. పని ఒకటే కనుక పద్ధతీ ఒకటేననుకుంటారు చాలామంది. నిజానికి రూబీ ఆ ఆబ్జెక్టు వంశవృక్షాన్నే మార్చేస్తుంది. పైథాన్ దాని జేబులో ఓ చీటీ పెడుతుంది.

బ్యాంకు ఖాతాల ప్రోగ్రాం ఒకటుందనుకోండి. ఖాతా క్లాసులోని వడ్డీ మెథడ్ 4 శాతం చొప్పున లెక్కగడుతుంది. 10,000 నిల్వ ఉన్న ఒక ఖాతాకు మాత్రం 8 శాతం ఇవ్వాలి. రూబీలో 'డెఫ్' తర్వాత ఆ ఆబ్జెక్టు పేరు, చుక్క, మెథడ్ పేరు రాస్తే చాలు. ఆబ్జెక్టుకూ దాని క్లాసుకూ మధ్య సింగిల్‌టన్ క్లాస్ ఒకటి వెలుస్తుంది. అందులో ఉండేది ఆ ఒక్క ఆబ్జెక్టే. మెథడ్ వెతుకులాట అక్కడే మొదలవుతుంది కాబట్టి, కొత్త వడ్డీలోంచి 'సూపర్' అని పిలిస్తే పాత 4 శాతం లెక్క పలుకుతుంది. రూబీవాళ్లు రోజూ రాసే క్లాస్ మెథడ్స్ కూడా ఇవే: క్లాసూ ఆబ్జెక్టే గనుక, దానికి తగిలించిన సింగిల్‌టన్ మెథడ్సే అవి. యుకిహిరో మత్సుమోటో సృష్టించిన ఈ భాషలో ఇది దొడ్డిదారి కాదు, వీధి గుమ్మం.

పైథాన్‌లో ఫంక్షన్‌ను నేరుగా ఆబ్జెక్టుకు అప్పగిస్తే అది ఉత్త ఫంక్షన్‌గానే ఉండిపోతుంది. పిలిస్తే సెల్ఫ్ అందలేదని ఎర్రర్ వస్తుంది. క్లాసులో దొరికిన ఫంక్షన్‌కే పైథాన్ సెల్ఫ్‌ను జతచేస్తుంది. ఆబ్జెక్టు సొంత డిక్షనరీలో దొరికినదాన్ని ఉన్నదున్నట్టు చేతికిస్తుంది. అందుకే టైప్స్ మాడ్యూల్‌లోని మెథడ్‌టైప్‌తో మనమే ముడివేయాలి. వేశాక వడ్డీ 800 వస్తుంది, రూబీలో వచ్చినట్టే.

తేడా కాపీ తీసినప్పుడు బయటపడుతుంది. కాపీలో నిల్వను 2,000కు మార్చి వడ్డీ అడగండి. రూబీ 'క్లోన్' 160 అంటుంది. 8 శాతం వెంట వచ్చింది. 'డప్' 80 అంటుంది. సింగిల్‌టన్ క్లాసును వదిలేసి వచ్చింది. రెండూ అర్థమయ్యే జవాబులే. పైథాన్ షాలో కాపీ మాత్రం 800 అంటుంది! చీటీ కొత్త జేబులోకి చేరింది గానీ అందులో రాసున్న పేరు పాత ఖాతాదే. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, అంకె తప్పు. డీప్‌కాపీ వాడితే 160 వస్తుంది, నిజమే. ఆ సంగతి ముందే తెలిసినవాడు ఈ గోతిలో ఎందుకు పడతాడు?

పైథాన్‌లో ఇంకో మెలిక. రెండు పక్కలా జంట అండర్‌స్కోర్లున్న 'లెన్' మెథడ్‌ను ఆబ్జెక్టుకు తగిలించినా, లెన్ ఫంక్షన్ దాన్ని ఖాతరు చేయదు. అలాంటి ప్రత్యేక మెథడ్స్‌ను పైథాన్ క్లాసులోనే వెతుకుతుంది. రూబీలో కూడిక గుర్తును సైతం ఒక్క ఆబ్జెక్టుకే మార్చుకోవచ్చు.

రూబీని వెనకేసుకొస్తున్నాననుకోకండి. సింగిల్‌టన్ మెథడ్ ఉన్న ఆబ్జెక్టును 'మార్షల్'తో భద్రపరచబోతే మొరాయిస్తుంది. పూర్ణాంకాలకూ సింబల్స్‌కూ అసలు తగిలించనివ్వదు. 2013లో రూబీ 2.1 వచ్చేదాకా ఇలా ఒక్క మెథడ్ తగిలిస్తే ప్రోగ్రాం మొత్తం మెథడ్ క్యాష్ చెల్లకుండా పోయేది. పైగా నీ క్లాసేదని అడిగితే ఆ ఆబ్జెక్టు మామూలు ఖాతా క్లాసు పేరే చెబుతుంది, చాటునున్న సింగిల్‌టన్ ఊసెత్తదు. పైథాన్ చీటీ అలా కాదు, డిక్షనరీ తెరిస్తే ఎదురుగా కనబడుతుంది. 'డెల్' అంటే పోతుంది, కిందున్న 4 శాతం మళ్లీ పైకొస్తుంది. టెస్టుల్లో కాసేపు మార్చి తీసేయడానికి ఇంతకన్నా హాయి లేదు.

కాబట్టి టెస్టుకైతే చీటీ చాలు. కాపీల్లోనూ నిలవాల్సిన లెక్క అయితే నా ఓటు రూబీకే. పైథాన్‌లో అదే అవసరం పడితే మెథడ్‌టైప్ జోలికి వెళ్లకండి, ఆ ఒక్క ఖాతా కోసం ఓ సబ్‌క్లాస్ రాసుకోండి.