నిర్భయత్వానికి కొలత

తెనాలి, బాపట్ల, రేపల్లె విద్యార్థులతో మాట్లాడినప్పుడల్లా నాకొక ప్రశ్న ఎదురవుతున్నది: టెలివిజన్ వ్యాఖ్యాత కొమ్మినేని శ్రీనివాసరావు నిర్భయుడా, పక్షపాతియా?

2022లో జగన్ ప్రభుత్వం ఆయనకు మీడియా అకాడమీ అధ్యక్షపదవి ఇచ్చింది. ఆయన చర్చలు నడిపిన సాక్షి, జగన్ కుటుంబం స్థాపించినదే. 2025 జూన్‌లో ఆ చర్చలో ఒక అతిథి అమరావతి స్త్రీలను కించపరిచాడు. పోలీసులు కొమ్మినేనినీ అరెస్టు చేశారు. నవ్వినంతమాత్రాన నేరంలో భాగస్వామి కాడంటూ, జూన్ 13న సుప్రీంకోర్టు విడుదలకు ఆదేశించింది.

ఆ ఉత్తర్వు సబబు. ఆ అరెస్టును నేను ఖండిస్తున్నాను. కాని చట్టం వదిలినచోట విమర్శ మొదలవుతుంది. స్త్రీల అవమానాన్ని ఆ క్షణాన గట్టిగా ఎదిరించని గొంతును నిర్భయమైనదని నేనొప్పను. ప్రత్యర్థిని నిలదీయటానికి తెగువ చాలు. తనకు వేదిక ఇచ్చినవారిని నిలదీయటానికి స్వాతంత్ర్యం కావాలి. ప్రతి జర్నలిస్టునూ మనం కొలవవలసింది ఈ రెండవ కొలతతోనే.