నేతగాని దృష్టిలో క్రీడాచిహ్నము

షోలాపురము తూర్పు భాగమున సాఖర్‌పేఠ, అశోక్ చౌక్ మొదలగు తావులలో పద్మశాలి కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. తెలుగునాటి నుండి వలసపోయిన ఈ నేతగాండ్రు ఆ నగరపు దుప్పటికి దేశవిఖ్యాతి తెచ్చిరి. అయినను, కళాశాల జట్టు చొక్కాపై నుండవలసిన చిహ్నమును గూర్చి చర్చ వచ్చినపుడు చిత్రకారుని, అచ్చుపనివానిని సంప్రదించుటయే కాని, నేతగానిని అడుగుట అరుదు. ఇది విచారింపదగిన విషయము. ఏలయన, జట్టు రంగులు వన్నె కెక్కినది గుడ్డలోనే.

ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల పడవపందెము 1829లో మొదలయ్యెను. 1836 నాటి పందెమున కేంబ్రిడ్జివారు తమ పడవ ముక్కున లేతనీలపు గుడ్డపట్టీ నొకదానిని కట్టిరి. నాటి నుండి ఆ రంగు వారిదయ్యెను; ముదురునీలము ఆక్స్‌ఫర్డువారిది. ఆ పట్టీకి బొమ్మ యక్కఱ లేకపోయెను. గట్టుమీది ప్రేక్షకునకు రంగే చాలెను. దూరమునుండి పోల్చుకొనుటయే క్రీడాచిహ్నమునకు మొదటి ప్రయోజనము.

ఈ ప్రయోజనమునకు మగ్గమే మంచి పరీక్ష. 1804లో ఫ్రాన్సు దేశీయుడగు జకార్డు రూపొందించిన సాధనమున, ఏ పడుగుపోగు లేవవలెనో చిల్లుల అట్టలు నిర్ణయించును. అట్టలు కొట్టుటకు ముందు బొమ్మను గళ్ళకాగితముపై దించవలెను. అందుచే వంపు మెట్లు మెట్లుగా మారును, సన్నగీత తెగును, చిన్న అక్షరము ముద్దయగును. మగ్గము విడిచిన వానినే మైదానపు అంచున నున్నవాని కన్నును విడుచును.

రెండవ పరీక్ష వెనుకవైపు. రెండు పొరల జకార్డు దుప్పటిలో ఒకవైపు ఎఱ్ఱని నేలపై తెల్లనెమలి యున్నచో, రెండవవైపు తెల్లని నేలపై ఎఱ్ఱనెమలి యగును. దాని ముఖము కూడ అటుదిటగును. నెమలికి హాని లేదు. అక్షరములు మాత్రము అద్దములో వలె తిరగబడును. జట్టు జెండాకును ఇదే చిక్కు. జాతీయపతాకమునకే యిది తప్పలేదు. పింగళి వెంకయ్యగారు తొలిరూపు దిద్దిన పతాకముపై రాట్న ముండెను. రాట్నమునకు చక్ర మొక ప్రక్క, కదురు మఱియొక ప్రక్క నుండుటచే, పతాకపు వెనుకవైపున అవి తారుమారగునని నెహ్రూగారు 1947 జూలై 22న రాజ్యాంగసభలో వివరించిరి. చక్రమును మాత్రమే నిలుపుటకు ఇదియు నొక కారణము. నేతగాడు నిత్యము వేసికొను ప్రశ్నయే అచ్చట జాతి వేసికొనెను.

మూడవది రంగు. ముదురెరుపు, ముదురాకుపచ్చ చేతిలో వేఱుగా నున్నను, దూరమున ఒకే మసకగా కలిసిపోవును. నీలముపై పసుపు, నలుపుపై తెలుపు విడివిడిగా నిలుచును. కావున రంగుల సంఖ్య కంటె వాని వెలుగులోని అంతరమే ముఖ్యము. చెమటకును ఉదుకుటకును నిలుచు గట్టిరంగు కావలెననుట వేఱుగా చెప్పనక్కఱలేదు.

నేడు యంత్రముపై ఎన్ని రంగులనైనను అచ్చొత్తవచ్చును గదా, ఈ కట్టుబా టేల యని ఆక్షేపింపవచ్చును. అచ్చొత్తగలుగుట వేఱు, కంటికి ఆనుట వేఱు. అట్లని దుప్పటిమీది నెమలిని యథాతథముగా చొక్కాపైకి దింపినను చాలదు. దుప్పటి బొమ్మ పరచిన పక్కపై తీరికగా చూడదగినది. చిహ్నము పరుగెత్తువాని ఱొమ్ముపై క్షణకాలము కనబడునది. నెమలి పింఛములోని కన్నులన్నియు అచ్చట బరువే. నేతగాని వద్ద నేర్వవలసినది బొమ్మ కాదు, బొమ్మలో ఏది విడువవలెనో ఎఱిగిన వివేకము.

షోలాపురపు దుప్పటికి భౌగోళిక గుర్తింపు లభించినది. అది పేరును కాపాడును. ఆ పేరు వెనుక నున్న విద్యను కాపాడుట సమాజపు పని. నేతగానిని కూలివానిగా మాత్రమే లెక్కించినంత కాలము ఆ విద్య అట్టలతోపాటు అటుక నెక్కును. కళాశాలలు తమ చిహ్నములను నిర్ణయించునపుడు, గళ్ళకాగితముపై బొమ్మ దించు వృద్ధు నొకనిని విద్వాంసుల సరసన కూర్చుండబెట్టిన, చిహ్నమునకు మేలు కలుగును. ఆ వాడలో పెరుగు పిల్లలకు తమ తండ్రుల పనియు చదువే యని తెలియును.