అపరాధ పరిశోధక నవలయు పాఠకగోష్ఠియు

అపరాధ పరిశోధక నవలను గదితలుపు మూసికొని ఒక్క రాత్రిలో ముగించి, హంతకుడెవ్వడో తెలిసిన మరుక్షణమే దానిని మూలకు నెట్టివేయు పాఠకుడు ఆ నవలలో సగమును మాత్రమే చదివినవాడని నా దృఢవిశ్వాసము. పదిమంది కూడి, ఒకే పుస్తకమును ఒకేచోట నాపి, సాక్ష్యమును పరిశీలించి, ఒకరి ఊహను మఱియొకరు ఖండించుచు సాగించు గోష్ఠిలోగాని తక్కిన సగము వెలికిరాదు.

ఆపవలసిన చోటు నెఱుగుటయే ఈ విద్యకు ప్రథమసోపానము. ఆధారములన్నియు పాఠకుని కన్నులయెదుట నిలిచి, వానిని కూర్చి చెప్పుట మాత్రమే మిగిలియున్న తావున పుస్తకము మూయవలెను. అమెరికాలో ఎల్లరీ క్వీన్ అను ఒకే నామముతో రచించిన బంధువులిరువురు 1929లో తమ తొలినవలయైన ‘ది రోమన్ హ్యాట్ మిస్టరీ’ యందే కథను నిలిపి, ఇక నీవే చెప్పుమని పాఠకుని సవాలు చేసిరి. అట్టి సౌకర్యములేని నవలలలో ఆ తావును గోష్ఠి నడుపువాడే ముందుగా చదివి నిర్ణయింపవలసియుండును. పిమ్మట ప్రతి సభ్యుడును నోరు విప్పకమునుపే తన నిర్ణయమును కాగితముపై వ్రాసి మడిచియుంచవలెను. లేనియెడల గట్టిగా మాటలాడువాని అభిప్రాయమే అందఱి అభిప్రాయమైపోవును. ఏ ప్రకరణమున ఏ వాక్యము తనకాధారమో చూపలేనివాని ఊహకు సభలో విలువ లేదు.

ఈ కళకు లక్ష్యగ్రంథమనదగినది ఆంథొనీ బర్క్‌లీ 1929లో ప్రకటించిన ‘ది పాయిజన్డ్ చాక్లెట్స్ కేస్’. అందలి కథయే ఒక గోష్ఠి! సర్ యూస్టేస్ అను ప్రభువునకు అతని క్లబ్బు చిరునామాకు ఒక ఉత్తరముతో చాక్లెట్ల పెట్టె యొకటి వచ్చును. అతడు దానిని విసుగుతో ప్రక్కనున్న బెండిక్సు అనువానికి ఇచ్చివేయును. బెండిక్సు భార్య వానిని తిని మరణించును. పోలీసులు చేతులెత్తివేసిన ఆ వ్యవహారమును ఆఱుగురు సభ్యులుగల మండలి చేపట్టి, ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్కరు తమ పరిష్కారమును వినిపింతురు. ఆ ఉత్తరపు కాగితమే, ఆ టైపుమిషను అక్షరములే, ఆ తపాలా ముద్రయే. కాని ప్రతి సాయంకాలమును ఒక కొత్త దోషి నిలువెత్తున నిలుచును, మరునాడు కూలును. సభ్యులలో నొకడగు బ్రాడ్లీ తన తర్కమును తుదిదాక నడపి, హంతకుడు తానే కావలెనని నిరూపించు ఘట్టమును చదివినప్పుడు ఆ రచయితకు చేతులెత్తి మ్రొక్కవలెననిపించును. బర్క్‌లీ సాహసము ఇంతటితో నిలువలేదు: ఇదే కథావస్తువుతో తాను వ్రాసిన ‘ది అవెంజింగ్ ఛాన్స్’ అను చిన్నకథలో సత్యముగా చూపిన పరిష్కారమును, ఈ నవలలో నాలుగవదానిగా నిలిపి తానే పడగొట్టెను. తన విజయమును తానే ఖండింపగల రచయిత లెందఱు గలరు? హంతకుని పేరు మాత్రము నేను వ్రాయను.

సాక్షుల విలువ కట్టుటను నేర్వదలచినవారు విల్కీ కాలిన్స్ రచించిన ‘ది మూన్‌స్టోన్’ను చేపట్టవలెను. 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడినాడు అపహరింపబడిన వజ్రమొకటి ఇంగ్లండు చేరి మాయమగుట ఇందలి ఇతివృత్తము. 1868లో డికెన్సుగారి పత్రికలో వారము వారము వెలువడినది. కథను పలువురు చెప్పుదురు గనుక, గోష్ఠిలో ఒక్కొక్క సభ్యుడు ఒక్కొక్క కథకుని పక్షము వహించుట ఉత్తమమార్గము. భక్తి కరపత్రములు పంచిపెట్టు మిస్ క్లాక్ చూచినది చూచినట్లే చెప్పును, కాని ఆమె తీర్పులన్నియు అసూయతో వంకరబోయినవి. ఈ రెంటిని విడదీయు నేర్పు ఒంటరి చదువున సులభముగా అలవడదు. తలుపుమీది తడి రంగు చెదరిన మరకను స్థానికాధికారి అల్పమని త్రోసివేయగా, పరిశోధకుడగు సార్జంటు కఫ్ దానినే పట్టుకొని, దాని ప్రాముఖ్యమును అందఱియెదుటను విప్పిచెప్పును. హోమ్సు భక్తులు నాపై కినుక వహింతురుగాక, తాను చూచినదానిని తుదివఱకు తనలోనే దాచుకొను ఆ మహానుభావునికంటె మరకను మనకు చూపిన కఫ్‌నకే నా ఓటు.

నేడో! తుది ప్రకరణమున అకస్మాత్తుగా కవలసోదరుడు ప్రత్యక్షమగును. పేరు వినని విషమొకటి పుట్టుకొనివచ్చును. రోనాల్డ్ నాక్స్ అను రచయిత 1929లోనే ఇట్టి నవలలకు పది నియమములు వ్రాసి ఈ రెంటిని నిషేధించెను; 1930లో లండనున వెలసి, చెస్టర్టన్ తొలి అధ్యక్షుడుగా నడచిన డిటెక్షన్ క్లబ్ సభ్యులు పాఠకునివద్ద ఆధారమును దాచబోమని ప్రమాణమే చేసిరి. ఆ ప్రమాణమును తుంగలో త్రొక్కి, పాఠకుని వంచించుటయే ప్రతిభయని చాటుకొను రచనలు నేడు కుప్పతెప్పలుగా వచ్చుచున్నవి! అంతకంటె ఘోరము ముగింపును ముందే వెల్లడించువారి దుర్నీతి. కొమ్మూరి సాంబశివరావుగారి పరిశోధక నవలలలోని యుగంధర్, రాజు అద్దెపుస్తకముల దుకాణములనుండి ఇంటింటికి తిరిగిన కాలమున, మొదటి పుటలోనే హంతకుని పేరు పెన్సిలుతో వ్రాసిపెట్టు దుష్టులుండెడివారని వినికిడి. రచయిత మాసములతరబడి పేనిన చిక్కును ఒక్క మాటతో త్రెంచుట చౌర్యముగాక మఱేమి?

సారస్వత నికేతనమువంటి గ్రంథాలయమును వేటపాలెమున నిలుపుకొన్న తెలుగువారికి ఇట్టి గోష్ఠి నడుపుట దుష్కరమా? గ్రంథాలయాధికారులారా, మాసమునకొక్క సాయంకాలము ఒక గది నొసంగుడు, బర్క్‌లీతోనే ఆరంభింపుడు, ఆ నవలలోని ఒక్కొక్క సభ్యుని వాదము ముగియగానే పుస్తకము మూయించి, సభలోనివారిచే దానిని ఖండింపజేయుడు. 1979లో క్రిస్టియానా బ్రాండ్ ఆ నవలకు ఏడవ పరిష్కారమును వ్రాసియున్నది. ఆఱవదానిని సభ అంగీకరించినదో త్రోసిపుచ్చినదో తేలిన పిదపనే ఆ ఏడవదానిని బయటికి తీయుడు. దానితోను ఏకీభవింపనివారు ఎనిమిదవదానిని వ్రాసి తెత్తురుగాక.