కుండీలోని నేల

న్యూజిలాండ్‌కు చెందిన షేన్ కాటన్ మావోరీ చిత్రకారుడు. న్గాపుహి తెగవారు. 1964లో పుట్టారు. 1990ల్లో ఆయన వేసిన బొమ్మల్లో పూలకుండీలు పదే పదే కనిపిస్తాయి. పాత ఫొటోల్లాంటి గోధుమరంగు మీద కుండీలు, జెండాలు, కొండలు, మావోరీ మాటలు.

కుండీ ఎందుకు? 1840లో వైటాంగి దగ్గర మావోరీ పెద్దలకూ బ్రిటిష్ ప్రభుత్వానికీ ఒప్పందం జరిగింది. ఇంగ్లిషు ప్రతిలో ఒక అర్థం, మావోరీ ప్రతిలో మరో అర్థం. ఆ తర్వాత యుద్ధాలు, జప్తులు, కొనుగోళ్లు, కోర్టులు. భూమి చాలావరకు చేజారింది. మావోరీ భాషలో ‘ఫెనువా’ అంటే నేల. బిడ్డ మాయను కూడా అదే మాటతో పిలుస్తారు. అలాంటి నేల చివరికి కుండెడు మట్టిగా మిగిలింది. కాటన్ బొమ్మ ముందుగా చెప్పేది ఇదే.

ఈ కుండీకి ఇంకో కథ కూడా ఉంది. 1887లో గిస్బోర్న్ దగ్గర, టె కోటి అనే నాయకుడి కోసం రోంగోపాయ్ సభాగృహం కట్టారు. చెక్కడాలు ఉండాల్సిన చోట యువకులు రంగులతో చెట్లు, మొక్కలు, మనుషుల బొమ్మలు వేశారు. పెద్దలకు అది నచ్చలేదు. ఇప్పుడు అదే ఇల్లు మావోరీ వారసత్వం. అలాంటి ఇళ్ల గోడల నుంచే కాటన్ కుండీని తెచ్చుకున్నారు. కుండీ పరాయిదే, అందులో బతికిన మొక్క మాత్రం తమది. జాతి అంటే మారకుండా ఉండటమే అనేవాళ్లకు ఇది గట్టి జవాబు.

తర్వాతి బొమ్మల్లో చీకటి ఆకాశం, కొండచరియలు, పక్షులు, పచ్చబొట్ల తలలు వచ్చాయి. ఇక్కడ నాకొక ఇబ్బంది ఉంది. మావోరీలకు తల పవిత్రం. 19వ శతాబ్దం మొదట్లో పచ్చబొట్టు తలలు తుపాకులకు బదులుగా చేతులు మారి యూరప్ మ్యూజియాలకు చేరాయి. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటిగా ఇంటికి తెచ్చుకుంటున్నారు. అద్దాల పెట్టె నుంచి విడిపించిన తాతల తలల్ని మళ్లీ గ్యాలరీ గోడకెక్కించవచ్చా? కాటన్ వాటికి ఆకాశమిచ్చారు, నిజమే. కానీ ఆ బొమ్మలు కూడా అమ్ముడవుతాయి కదా. ఆయన్ని మెచ్చుకుంటూనే ఈ ప్రశ్న అడగాలి.

మన బడి గోడల మీద థింసా, గుస్సాడి బొమ్మలు వేయించే టీచర్లకు ఒక మాట. ఆ అడుగుల కింది నేల ఎవరిదో, ఎవరి చేతుల్లోకి పోయిందో కూడా పిల్లల్ని గీయనివ్వండి. వాళ్లు మన పద్ధతి తప్పి గీస్తే వెంటనే కోప్పడకండి.