గేటు దగ్గర రెండు కెమెరాలు

విశ్వవిద్యాలయం గేటు ముందుకు రెండు రకాల కెమెరాలు వస్తాయి. ఒకటి సినిమాది. దాని వెంట జనరేటర్ వ్యాను, కారవాన్లు, జూనియర్ ఆర్టిస్టుల బస్సు, భోజనాల బండి ఉంటాయి. రెండోది వార్తది. దాని వెంట ఒక విలేకరి, ఒక కెమెరామన్, మహా అయితే ఒక ఓబీ వ్యాను. రెండింటినీ గేటులో ఆపి అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: పర్మిషన్ ఉందా? గొడవంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉందని నా అభిప్రాయం. సినిమావాళ్ల ముందు విశ్వవిద్యాలయం స్థలం యజమాని. విలేకరి ముందు అది జనం డబ్బుతో నడిచే సంస్థ, జనానికి జవాబు చెప్పాల్సిన సంస్థ. యజమానికి కాదనే హక్కుంది. జవాబు చెప్పాల్సినవాడికి ఆ హక్కు లేదు. మన క్యాంపస్‌లు తరచు ఈ రెండు పాత్రలనూ తారుమారు చేసుకుంటున్నాయి.

ముందు సినిమా సంగతి. హార్వర్డ్ విద్యార్థుల ప్రేమకథగా 1970లో వచ్చిన ‘లవ్ స్టోరీ’ని అక్కడే తీశారు. ఆ తరువాత హార్వర్డ్ సినిమా యూనిట్లను లోపలికి రానివ్వడం దాదాపు మానేసింది. ఫేస్‌బుక్ పుట్టుక మీద 2010లో వచ్చిన ‘ది సోషల్ నెట్‌వర్క్’లో మనం హార్వర్డ్ అనుకుని చూసే ఆవరణ చాలావరకు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానిది. దానివల్ల అటు హార్వర్డ్‌కూ ఇటు సినిమాకూ పోయిందేమీ లేదు. ఒరెగాన్ విశ్వవిద్యాలయం ఇంకో దారి పట్టింది. అక్కడి అధ్యక్షుడు విలియం బాయిడ్ అంతకుముందు బర్క్‌లీలో పనిచేసినప్పుడు ‘ది గ్రాడ్యుయేట్’ యూనిట్‌కు చోటివ్వలేదు. ఆ సినిమాకు తరువాత వచ్చిన పేరు ఆయనకు గుర్తుంది. అందుకే 1977లో ‘యానిమల్ హౌస్’ నిర్మాతలు వచ్చి అడిగితే సరేనన్నాడు. విశ్వవిద్యాలయం పేరు మాత్రం తెరమీద కనిపించకూడదన్నది షరతు. సినిమాలో ఆ కాలేజీ పేరు ఫేబర్ అయింది. ‘3 ఇడియట్స్’లో కనిపించే ఆవరణ కూడా బెంగళూరు ఐఐఎందే, కథలో మాత్రం అది ఒక ఇంజనీరింగ్ కాలేజీ. వద్దన్న హార్వర్డ్‌దీ తప్పు కాదు, సరేనన్న ఒరెగాన్‌దీ తప్పు కాదు. అది బేరం. ఇరువైపులా ఇష్టముంటే కుదురుతుంది, లేకపోతే లేదు.

అయితే ఆ యజమానికీ ఒక హద్దుంది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీనే తీసుకోండి. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పనలో 1939లో ప్రారంభమైన ఆ గ్రానైట్ భవనం ఏ కోణంలో పెట్టినా ఫ్రేము నింపుతుంది. కెమెరామన్‌కు అది కట్టడం. లోపల కూర్చున్న విద్యార్థికి అది క్లాసు. షాట్ కోసం పాఠం ఆగిందంటే బేరం చెడిందనే లెక్క. అందుకని సెలవు రోజులు చూసి ఇవ్వాలి, పరీక్షల రోజుల్లో ఇవ్వకూడదు. ట్రాలీ పట్టాలు ఎక్కడ వేస్తారో, లైట్లకు కరెంటు ఎక్కడి నుంచి తెస్తారో, గోడకు మేకు కొడితే ఎవరు బాగుచేయిస్తారో ముందే రాసుకోవాలి, డిపాజిట్ కట్టించుకోవాలి. వచ్చిన అద్దె ఎంతో, దేనికి ఖర్చయిందో నోటీసు బోర్డు మీద పెట్టాలి. కథను దిద్దే పని మాత్రం రిజిస్ట్రార్‌ది కాదు. నచ్చకపోతే స్థలం ఇవ్వకపోవచ్చు, పేరు వాడొద్దనవచ్చు. అంతకు మించి స్క్రిప్టు చేతిలోకి తీసుకుంటే స్థలం యజమాని సెన్సారు బోర్డు అయిపోతాడు.

ఇక వార్త దగ్గరికి వద్దాం. 2016 జనవరిలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తరువాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం దేశమంతటికీ వార్త అయింది. మార్చి 22న సెలవు నుంచి వైస్ చాన్సలర్ తిరిగి రావడం, నిరసనలు, పోలీసుల చర్య జరిగాక బయటివారితోపాటు మీడియాకూ గేట్లు మూశారు. లోపలి నుంచి ఫోన్లలో తీసిన దృశ్యాలు మాత్రం ఆగలేదు. ఆగిందల్లా వాటిని సరిచూసే పని. సరిచూసేవాళ్లు లేకపోతే ఏమవుతుందో అదే ఏడాది ఢిల్లీ జేఎన్‌యూ వ్యవహారం చూపించింది. అక్కడ దేశవ్యతిరేక నినాదాలు చేశారంటూ చానళ్లలో తిరిగిన వీడియోలను ఢిల్లీ ప్రభుత్వం హైదరాబాద్‌లోని ఫోరెన్సిక్ సంస్థ ట్రూత్ ల్యాబ్స్‌కు పంపిస్తే, కొన్నింటిలో మార్పులు చేసినట్టు తేలింది. 2025లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదంలో రాత్రిపూట బుల్డోజర్ల దృశ్యాలు ఆ క్యాంపస్ నుంచి లోకానికి చేరాయి. వాటితోపాటే కృత్రిమ మేధతో చేసిన బొమ్మలూ తిరిగాయి. వాటిమీద ప్రభుత్వం కేసులు పెట్టింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. ప్రతి జేబులోనూ కెమెరా ఉన్న రోజుల్లో గేటు మూస్తే దృశ్యం ఆగదు. నిజాన్నీ కల్పననూ వేరుచేయగల మనిషి మాత్రం బయటే ఉండిపోతాడు. పరువు కాపాడుకుందామని వేసిన తాళం వదంతికి తలుపు తీస్తుంది.

దీనికి అధికారులు చెప్పే మొదటి అభ్యంతరం చదువు చెడుతుందని, పిల్లల గోప్యత పోతుందని. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి పూర్తికాగానే చేరతారు, మొదటి ఏళ్లలో అక్కడి పిల్లల్లో చాలామందికి పద్దెనిమిది నిండవు. 2022 జూన్‌లో వారు వసతుల కోసం ఎండావానల్లో రోజుల తరబడి బైఠాయించారు. అలాంటిచోట ముఖం చూపాలా వద్దా, పేరు చెప్పాలా వద్దా అన్నది విలేకరి తప్పకుండా వేసుకోవాల్సిన ప్రశ్న. ఆత్మహత్యల వార్తలు ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలిచ్చింది. హాస్టల్ గది ఫొటో, చివరి ఉత్తరం పెద్దక్షరాల్లో వేయడం వాటికి విరుద్ధం. కాబట్టి హద్దులు ఉండాలి. కాకపోతే అవి చోటునూ వేళనూ బట్టి ఉండాలి, వార్తలోని విషయాన్ని బట్టి కాదు. క్లాసు, హాస్టల్, ఆరోగ్య కేంద్రం, పరీక్ష హాలు: ఇక్కడికి అనుమతి లేకుండా ఎవరూ రాకూడదు. రోడ్డు, మైదానం, పరిపాలన భవనం ముందు మెట్లు: ఇక్కడ ఎవరినీ ఆపకూడదు. స్నాతకోత్సవం రోజున తెరిచిన గేటు ధర్నా రోజున మూసుకుంటే అక్కడ కాపాడుతున్నది చదువును కాదని ఎవరికైనా అర్థమవుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. మైకుకు లోగో తగిలించుకున్న ప్రతివాడూ విలేకరేనా? యూట్యూబ్ చానళ్లన్నింటినీ లోపలికి రానిస్తే అదుపెలా? అక్రిడిటేషన్ కార్డు అడగడం దీనికి సులువైన జవాబే గానీ సరైన జవాబు కాదు. కార్డున్నవాడు హద్దు దాటవచ్చు, లేనివాడు ఒద్దికగా పని చేసుకోవచ్చు. నిబంధన ప్రవర్తనకు పెట్టాలి, దాటినవాణ్ని కార్డుతో పనిలేకుండా బయటికి పంపాలి. మా వృత్తివైపు తప్పులూ తక్కువేమీ కావు. రాయి పడ్డ రోజున పది కెమెరాలు వస్తాయి. అధ్యాపకుల ఖాళీలు, హాస్టల్ మెస్సులు, ఆగిన స్కాలర్‌షిప్పుల గురించి మామూలు రోజున వచ్చేవాళ్లు ఎందరు? నిప్పు రాజుకున్నప్పుడే కనిపించేవాణ్ని చూసి ఆ ఇంటివాళ్లు తలుపు వేసుకుంటే ఆశ్చర్యమేముంది? విద్యా విభాగం చూసే విలేకరి నెలకోసారైనా ఆ దారిన వెళుతుంటే, గొడవ రోజున గేటు దగ్గర అతను కొత్తవాడు కాడు.

చేయవలసిన పని ఒక్క పేజీ దాటదు. పైభాగంలో సినిమా యూనిట్లకు: అద్దె, తేదీలు, డిపాజిట్, పేరు వాడకం. కిందిభాగంలో విలేకరులకు: ఎక్కడికి రావచ్చు, ఎక్కడికి అడిగి రావాలి, జవాబు చెప్పే అధికారి ఎవరు, ఎంతసేపట్లో చెబుతారు. సమాచార హక్కు చట్టం 2005 నాలుగో సెక్షన్ ప్రకారం ఇలాంటి వివరాలను ప్రభుత్వ సంస్థలు అడగకుండానే వెల్లడించాలి కాబట్టి ఇదేమీ కొత్త బరువు కాదు. ఆ పేజీ ఏ గొడవా లేని రోజున రాయాలి, విద్యార్థి సంఘాలను కూర్చోబెట్టుకుని రాయాలి. గేటు దగ్గరి వాచ్‌మన్ చేతిలో దాని ప్రతి ఉండాలి. అప్పుడు ఏ కెమెరా వచ్చినా అతను పైవాళ్ల ఫోను కోసం ఎదురుచూడనక్కర్లేదు. కాగితం చూసి దారి చెబుతాడు.