తీన్‌మార్ వెనుక మర్ఫా: హైదరాబాదు సిద్దీల వాద్యశిక్షణ

చొప్పదండిలో పెళ్లి బరాత్ కదిలినా, వినాయక నిమజ్జనం సాగినా తీన్‌మార్ మోగవలసిందే. ఈ దరువును డప్పు ఖాతాలో వేసి ఊరుకోవడం జానపద కళావిమర్శలో తరచుగా కనిపించే ధోరణి. హైదరాబాదు సిద్దీల మర్ఫాతో దానికున్న బంధుత్వం ఆ పద్దులోకి ఎక్కదు.

ఆఫ్రికా మూలాలుగల సిద్దీలు నిజాం అంగరక్షక దళంలో కొలువు చేశారు. ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే నేటి ఏ.సి.గార్డ్స్ వాడకు మిగిలింది. అక్కడ మర్ఫా విద్య వంశపారంపర్యం. పెద్దల పక్కన నిలబడి చెవితో, చేతితో నేర్చుకొనేది. స్వరలిపి లేదు గనుక అది శిక్షణే కాదనడం పొరపాటు. మర్ఫా, డఫ్, ఢోల్ ఒకదాని ఖాళీలో మరొకటి పలకడం సాధన లేనిదే కుదరదు. అమెరికా నల్లజాతి వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1944లో జూలియార్డ్ సంగీత విద్యాలయంలో చేరాడు. ఆ చదువును మధ్యలో వదిలి, చార్లీ పార్కర్ పక్కన వాయిస్తూ తన విద్యకు పదును పెట్టుకున్నాడు. జూలియార్డ్ శాస్త్రజ్ఞానం ఆయనకు వృథా కాలేదన్నది వేరే మాట.

1948 పోలీసు చర్య తర్వాత దళం రద్దయింది. కొలువు పోయినవారిలో కొందరికి మర్ఫాయే బతుకుతెరువయింది. గిరాకీ పెళ్లిళ్లది, పెళ్లివారు అడిగేది చిందుకు తగిన వేగం. సిద్దీలు కానివారి బృందాలూ వచ్చాయి. ఇది కళావ్యాప్తి అనిపించవచ్చు గాని, వేగం ఒక్కటే కొలమానమైన చోట విలంబంగా సాగే దరువులు నేర్పేవారికీ నేర్చుకునేవారికీ పని తగ్గుతుంది. డీజే పెట్టెలోని తీన్‌మార్‌కైతే పక్కన నిలబడి నేర్చుకునే పిల్లవాడే అక్కరలేదు.